బండి ఎప్పుడు వేడెక్కుతోంది?

ఇంజన్ హీటెక్కుతున్న కారును నాలుగు షెడ్లకు తీసుకెళ్తే నాలుగు జవాబులు వస్తాయి. రేడియేటర్ చోక్ అయిందని ఒకరంటారు, వాటర్ పంపు పోయిందని ఇంకొకరు. థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందని మూడో షెడ్డు, హెడ్ దించాల్సిందేనని నాలుగోది. ఇందులో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. కాని నాలుగూ ఒకే బండికి ఒకేసారి నిజం కావడం చాలా అరుదు. జ్వరమని వెళ్తే మంచి డాక్టరు మందు రాసేముందు అడుగుతాడు: ఎప్పుడొస్తోంది, పొద్దున్నా సాయంత్రమా, చలితోనా చలి లేకుండానా? ఇంజన్ వేడి కూడా జ్వరం లాంటిదే. "ఎప్పుడు వేడెక్కుతోంది?" అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఓపిగ్గా వింటే సగం సంగతి బానెట్ ఎత్తకముందే తేలుతుంది. మన దగ్గర ఆ ప్రశ్న అడగకుండానే స్పానర్ చేతికి వస్తోంది. ఓనర్లు కూడా "హీటవుతోంది, చూడండి" అని తాళం ఇచ్చి వెళ్లిపోతున్నారు.

ముందు ఆ వేడి ఎంతో తెలియాలి. సిలిండర్ లోపల మంట 2000 డిగ్రీలు దాటుతుంది. దాని మీద మూతలా కూర్చున్న హెడ్ అల్యూమినియం, అది 660 డిగ్రీలకే కరిగే లోహం. మంటకీ లోహానికీ మధ్య రాజీ కుదుర్చుతున్నది హెడ్ లోపలి సందుల్లో పారే కాసిని నీళ్లే. పెట్రోలు ఇచ్చే శక్తిలో ఉజ్జాయింపుగా మూడో వంతు పనిగా మారుతుంది, మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆ నీళ్లలోకి దిగుతుంది.

తిరుమల ఘాట్‌నే లెక్కకు తీసుకుందాం. 1944లో వేసిన మొదటి రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. తిరుపతికీ కొండకీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. మనుషులు, సామాను కలిపి 1300 కిలోల కారును అంత ఎత్తుకు లేపడానికే దాదాపు 9 మెగాజౌళ్ల పని కావాలి. ఇంజన్ అంత పని చేస్తున్నప్పుడు రమారమి అంతే వేడిని కూలెంట్‌లోకి దింపుతుంది. ఆ వేడితో మూడున్నర లీటర్ల నీటిని పూర్తిగా ఆవిరి చేసెయ్యొచ్చు. చిన్న కారు కూలింగ్‌లో ఉండే ద్రవం మొత్తం నాలుగైదు లీటర్లే. అంటే కొండెక్కే ఆ కాసేపట్లోనే రేడియేటర్ ఒక నిండు బిందెడు నీళ్లు మరిగించేంత వేడిని గాలికి వదిలెయ్యాలి. పైగా బండి రెండో గేరులో మెల్లగా పోతుంటుంది, ఎదురుగాలి తక్కువ, లోపల ఏసీ నడుస్తుంటుంది. కొండ మీద మాత్రమే వేడెక్కే బండిని చూసి "పల్లంలో బాగానే ఉందిగా, ఏం లేదు" అనేవారు ఈ లెక్క మరిచిపోతున్నారు. పల్లంలో ఆ వ్యవస్థ తన శక్తిలో కొంతే వాడుకుంటుంది. సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా అక్కడ పాసైపోతుంది.

ఇక ఆ "ఎప్పుడు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబులు.

సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే ముల్లు కిందికి దిగితే లోపం నీళ్ల పారుదలలో లేదు, గాలిలో ఉంది. బండి పరుగెత్తేటప్పుడు గాలి దానంతటదే వస్తుంది. ఆగినప్పుడు ఫ్యాన్ తిరగాలి. పరీక్ష తేలిక: ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ ఆన్ చేయండి. చాలా కార్లలో వెంటనే గానీ కొద్దిసేపట్లో గానీ రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. ఏసీతో తిరిగి, ఇంజన్ వేడెక్కినా తిరగకపోతే మోటారు బాగున్నట్టే, సెన్సర్ వైపు చూడాలి. రెండింటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఆ వరసలో చూడాలి. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి ఎటు పోతోందో గమనించాలి. మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. అప్పుడది ముందు నుంచి వచ్చే గాలికే అడ్డు తగులుతుంది. గ్రిల్ ముందు ఒక కాగితం పెడితే లోపలికి అతుక్కోవాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగితే "అది అలంకారమే" అని తీసి పారేస్తారు. అది లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది.

ఈ గాలి విషయంలో మన నేలకు సొంత కథ ఉంది. కోతల కాలంలో పొలాల మధ్య రోడ్ల మీద తిరిగిన కారు ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఊక, దుమ్ము, పురుగుల రెక్కలు మెత్తలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, రేడియేటర్ ముఖం దాని వెనక ఉంటుంది. సర్వీసింగ్‌లో ప్రెషర్ వాషర్‌తో దగ్గర నుంచి కొడితే సన్నటి రేకులు వంగి సందులు ఇంకా మూసుకుపోతాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో, ఓపిగ్గా కడగాలి.

దీనికి తలకిందులు రెండో జవాబు: ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే మీద 100 దాటితే ముల్లు లేస్తుంది. గాలికి కొదవ లేదు కాబట్టి ఇక్కడ అనుమానం నీళ్ల పారుదల మీద. రేడియేటర్ గొట్టాలు లోపల సున్నం పట్టి మూసుకుపోయి ఉండొచ్చు. వాటర్ పంపు రెక్కలు అరిగి ఉండొచ్చు. కొన్ని కార్లలో రెక్కలు ప్లాస్టిక్‌వి, ఇరుసు తిరుగుతున్నా రెక్క జారిపోతుంది. థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు. కింది హోస్ పైపు మెత్తబడి, పంపు లాగే జోరుకు లోపలికి అణిగిపోతూ ఉండొచ్చు. ఆగి ఉన్నప్పుడు బాగానే కనిపించే ఈ పైపును, పక్కనొకరు యాక్సిలరేటర్ తొక్కుతుండగా చూస్తే తప్ప పట్టుకోలేం. బండి కిందుండే ప్లాస్టిక్ పళ్లెం ఊడిపోయినా వేగంలో రేడియేటర్ గుండా గాలి సరిగా లాగదు.

పొద్దున్న స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతే రేడియేటర్ మీద నింద వెయ్యకూడదు, దాని వంతు ఇంకా రానే లేదు. థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయిందేమో చూడాలి. రేడియేటర్ పై పైపు చేయి పెట్టలేనంత వేడిగా ఉండి, కిందిది చల్లగా ఉందంటే నీరు దాటడం లేదు. థర్మోస్టాట్ విప్పితే వంటింట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. వాల్వు సందులో దారం ఇరికించి, గిన్నెడు నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాలి. దాని మీద 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. ఆ వేడి దగ్గర లోపలి మైనం ఉబ్బి, వాల్వు తెరుచుకుని, దారం జారి కిందపడాలి. నీళ్లు మసులుతున్నా దారం జారకపోతే కొత్తది కొనాలి. అది ఖరీదైన భాగమేం కాదు.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే పై హోస్ రాయిలా బిగుసుకోవడం, కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం వేరే సంగతి. అది హెడ్ గ్యాస్కెట్ పోయిందనడానికి బలమైన సూచన. సిలిండర్‌లోని పొగ నీళ్లలోకి దూరుతోంది. తీపి వాసనతో ఆగని తెల్లపొగ, ఇంజన్ ఆయిల్ మజ్జిగలా మారడం కూడా అటే వేలు చూపిస్తాయి. అయినా కేవలం వీటిని చూసి హెడ్ దించమని నేను చెప్పను. చలికాలం పొద్దున్న ప్రతి సైలెన్సరూ కాసేపు తెల్లగా ఊదుతుంది. ఎప్పుడూ చిన్న దూరాలే తిరిగే బండిలో ఆయిల్ మూత కింద చెమ్మకు తెల్లటి జిగురు పడుతుంది. దీనికి కచ్చితమైన పరీక్ష ఉంది: రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఒక నీలిరంగు ద్రావణం గుండా లాగుతారు, మండిన వాయువు అందులో ఉంటే నీలం పసుపుగా మారుతుంది. వేలల్లో ఖర్చయ్యే పని మొదలుపెట్టేముందు ఈ చిన్న పరీక్ష చేశారా అని అడిగే హక్కు ఓనరుకు ఉంది.

అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేది రేడియేటర్ మూతకు. దాన్ని బాటిల్ మూతలా చూస్తారు గానీ అది కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. దాదాపు ఒక బార్ ఒత్తిడి నిలిపితే మామూలు నీరు 100 దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సగం సగం కలిపిన కూలెంట్ ఇంకా పైకి, 125 డిగ్రీలు దాటి పోతుంది. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి వదిలేస్తే ఆ వెసులుబాటు మొత్తం పోతుంది. ఘాట్ మీద నీరు మరిగి డబ్బాలోకి తన్నుకొస్తుంది. మూతలోనే ఇంకో చిన్న వాల్వు ఉంటుంది, ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోని నీటిని వెనక్కి రానిస్తుంది. అది మూసుకుపోతే చల్లారిన బండిలో హోస్ పైపులు పీక్కుపోయి ఉంటాయి. మా ఇంటి కారు ఘాట్ల మీద వేడెక్కుతుంటే ఒక షెడ్డులో రేడియేటర్, మరో షెడ్డులో వాటర్ పంపు మార్పించాం. వేడి తగ్గలేదు. మూడోచోట పెద్దాయన ఒకరు చేతిపంపు లాంటి ప్రెషర్ టెస్టర్ మూతకు బిగించి చూస్తే ముల్లు నిలవలేదు. మూత మార్చాం, తగ్గింది. మార్చిన రెండు పాత భాగాలూ మంచివే. ఆ ఖర్చు సంగతి మరిచిపోగలను గానీ, అన్ని నెలలూ ఏ ఘాట్ మీద ఎక్కడ ఆగిపోతామోనని పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని తిరిగిన భయం మరిచిపోలేను.

మెకానిక్కులకూ పుస్తకాలకూ ఎప్పుడూ పడని విషయాలు రెండున్నాయి. రెంటినీ గౌరవంగానే చర్చించాలి, ఎందుకంటే పాతవారి మాటకు ఒక పుట్టుక ఉంది.

మొదటిది: "కూలెంట్ మంచు దేశాలకు, మనకు నీళ్లు చాలు." తొలి పెట్రోలు అంబాసిడర్‌ను మనసులో పెట్టుకుని వింటే ఇది మూర్ఖపు మాట కాదు. దాని బ్లాకు, హెడ్ రెండూ పోత ఇనుము. రేడియేటర్ రాగి, ఇత్తడి. చోక్ అయితే తొట్టి విప్పి గొట్టాల్లో కమ్మీలు దూర్చి శుభ్రం చేసేవారు, చిల్లి పడితే టంకం పెట్టేవారు. ఇనుప హెడ్ కాస్త అతివేడిని తట్టుకునేది. నీళ్ల డబ్బా డిక్కీలో పెట్టుకుని ఘాట్ ఎక్కిన డ్రైవర్ల తరం అది. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీద బండి స్వభావమే మారింది. ఇంజన్ అడ్డంగా తిరిగింది, బెల్టు ఫ్యాన్ పోయి కరెంటు ఫ్యాన్ వచ్చింది. ఇవాళ్టి రేడియేటర్ అల్యూమినియం, దాని తొట్లు ప్లాస్టిక్. అందులో కమ్మీలు దూర్చలేం, టంకం నిలవదు.

ఇందులో బోరు నీళ్లు పోస్తే ఏమవుతుందో గీజర్ రాడ్డును చూసినవారికి చెప్పక్కర్లేదు. ఆ తెల్లటి సున్నమే హెడ్ లోపల, మంటకు అతి దగ్గరగా ఉన్న సందుల్లో పేరుకుంటుంది. ఉప్పులు కరిగిన నీళ్లలో అల్యూమినియం, ఇనుము, రాగి కలిసి ఉంటే ఒకదాన్నొకటి తినడం మొదలవుతుంది. కూలెంట్‌లో మనకు కావలసింది గడ్డకట్టకపోవడం కాదు. లోహాన్ని తుప్పు నుంచి కాచే రసాయనాలు, పైకి లేచిన మరిగే హద్దు, పంపు సీలుకు జారుడు, ఇవి కావాలి. అయితే పుస్తకం వైపు వాళ్లూ ఒక మాట ఒప్పుకోవాలి: వేడిని మోయడంలో శుద్ధమైన నీరు గ్లైకాల్ కంటే మెరుగు. అందుకే చిక్కటి కూలెంట్‌ను నీళ్లు కలపకుండా నిండా పోస్తే బండి ఇంకా వేడెక్కుతుంది. చిక్కటిదైతే డబ్బా మీద చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ముందే కలిపి అమ్మేదైతే చుక్క కూడా కలపకూడదు. ఈ రెండింటికీ తేడా చూసుకోకపోవడమే నేను చూసినంతలో అతి మామూలు పొరపాటు. పచ్చది, ఎర్రది, నీలం అని రంగు చూసి కొనడం రెండోది. రంగు కంపెనీ ఇష్టం, లోపలి రసాయనం వేరు. బండి పుస్తకంలో రాసినదే వాడాలి.

రెండో తగువు థర్మోస్టాట్ పీకేయడం. "మన ఎండలకు అదెందుకు?" అంటారు. బండి సూది కిందికి దిగడం కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి ఓనరు నమ్ముతాడు. కాని ఇంజన్ తగినంత వేడెక్కకపోతే కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, సిలిండర్ గోడల మీది ఆయిల్ పలచబడుతుంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు ముఖాలుంటాయి. ఒకటి రేడియేటర్ దారి తెరుస్తుంటే రెండోది అడ్డదారి మూస్తుంది. పీకేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తాయి. మామూలుగా చల్లగా ఉండే ఆ బండి సరిగ్గా ఘాట్ మీద, లోడు మీద ఉడికిపోతుంది. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు మరీ తొందరగా పరుగెత్తి చల్లారవు అని ఇంకొందరు చెప్పే కారణం మాత్రం తప్పు. పారుదల పెరిగితే వేడి బదిలీ తగ్గదు.

సెన్సర్‌తో పని లేకుండా ఎప్పుడూ తిరిగేలా ఫ్యాన్ డైరెక్ట్ చేయడం కూడా ఈ కోవలోదే. రాత్రి ఊరు చేరడానికి మంచి ఉపాయం, శాశ్వత వైద్యంగా చెడ్డది. లీకు ఆపడానికి రేడియేటర్‌లో పసుపు పొడి పోయడం కూడా అంతే. సన్నటి చిల్లిని అది నిజంగానే పూడ్చగలదు, కాని ఆ పసుపు సన్నటి గొట్టాలనూ పూడుస్తుంది.

లీకు వెతకడంలో ఒక సంగతి. ఎండాకాలం కారు కింద కనిపించే తడి అంతా కూలెంట్ కాదు. ముందు సీటు కింద కారే రంగులేని నీరు ఏసీది, దానికి భయం అక్కర్లేదు. జిగురుగా, రంగుతో, తీపి వాసనతో ఉంటేనే కూలెంట్. బయట ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గుతుంటే ముందు సీట్ల దగ్గరి తివాచీ ముట్టి చూడాలి, హీటర్ లోపలి చిన్న రేడియేటర్ కారుతూ ఉండొచ్చు. సీఎన్‌జీ కిట్ ఉన్న బళ్లలో ఇంకోచోటు ఉంది. గ్యాసు ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ గడ్డకట్టకుండా ఉండడానికి కూలెంట్ పైపును కోసి దానికి కలుపుతారు. ఆ అతుకుల దగ్గర క్లిప్పులు వదులైతే చుక్క చుక్కగా కారి వేడి మీద ఆవిరైపోతుంది, నేల మీద ఆనవాలే ఉండదు.

ముల్లు గురించి కూడా చెప్పాలి. డ్రైవరు కంగారు పడకూడదని చాలా కార్లలో దాదాపు 80 నుంచి 105 డిగ్రీల దాకా సూది మధ్యలోనే నిలిచేలా చేస్తారు. అది కదిలిందంటే ఆలస్యమైందని అర్థం. కొన్ని చిన్న కార్లలో ఆ సూదీ లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, మించిపోతే ఎర్ర లైటు. నీళ్లు పూర్తిగా కారిపోయి సెన్సర్ ఆవిరిలో మిగిలితే సూది పడిపోవడం కూడా ఉంది. వేడి తగ్గిందనుకుని నడిపినవారి ఇంజన్లు సీజ్ అయ్యాయి. స్టీరింగ్ కింద సాకెట్‌కు చిన్న ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్‌లో అసలు అంకె చూసుకోవడం ఇవాళ ఎవరికైనా అందుబాటులో ఉంది. ఘాట్ ప్రయాణాలు ఎక్కువ చేసేవారు అది కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం.

దారిలో ఎర్ర లైటు వెలిగితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, బ్లోయర్ పెంచాలి. రామగుండం ఎండలో అది నరకమే, అయినా ఆ చిన్న రేడియేటర్ ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. వెంటనే నీడ చూసి ఆపాలి. "ఇంకో రెండు కిలోమీటర్లే" అనుకోకూడదు. అల్యూమినియం హెడ్ వంగడానికి ఆ రెండు చాలు, తర్వాత ఫేసింగ్ కొట్టించడం, గ్యాస్కెట్, వాల్వుల పని వరసగా వస్తాయి. ఆవిరి పోకుండా కుక్కర్ మూత ఎవరూ తీయరు. రేడియేటర్ మూతకూ అదే నియమం, కనీసం అరగంట, ముప్పావుగంట ఆగాలి. ఉడికిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే లోహం పగలొచ్చు.

పాత కూలెంట్ మార్చినప్పుడు దాన్ని మంచినీళ్ల సీసాల్లో పట్టి షెడ్డు మూల పెట్టడం నేను చాలాచోట్ల చూశాను. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, రంగు షర్బత్‌లా ఉంటుంది, కొద్ది మోతాదు తాగినా కిడ్నీలు దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. పనికొచ్చిన పిల్లవాడు మే నెల మధ్యాహ్నం దాహంతో ఆ సీసా ఎత్తవచ్చు, కాలువలో పోసినది వీధి కుక్క నాకవచ్చు. దాన్ని దాని డబ్బాలోనే పోసి, మూత బిగించి, పేరు రాసి, చేతికందని ఎత్తులో పెట్టమని మీ మెకానిక్‌కు చెప్పండి. ఇంట్లోనే కూలెంట్ మార్చుకునేవారైతే ఆ పని మీరే చేయండి.